కిలోపాస్కల్ అంకె పక్కన పరీక్ష పేరు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

లివర్‌లో మచ్చలు ఎంతవరకు పడ్డాయో సూది గుచ్చకుండానే ఎమ్మారైతో చెప్పేస్తున్నారని మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన కథనం చదివాను. రాయాల్సిన విషయమే. కానీ 5 కిలోపాస్కల్స్ దాటితే సిర్రోసిస్ (మచ్చలు బాగా ముదిరి లివర్ గట్టిపడిపోయే ఆఖరి దశ) అని బాక్సులో పెద్ద అక్షరాలతో వేసి, ఆ 5 ఏ పరీక్షలో వచ్చే 5 అన్నది మాత్రం వదిలేశారు. ఫైబ్రోస్కాన్ (అల్ట్రాసౌండ్‌తో లివర్ గట్టిదనం కొలిచే పరీక్ష) రిపోర్టులో 5.5 వచ్చినవాళ్లు అది చదివి ఎంత టెన్షన్ పడి ఉంటారో! నిజానికి ఆ మిషన్‌లో 5.5 అంటే మామూలుగా కంగారు పడక్కర్లేని అంకె.

సంగతేమిటంటే, రెండు పరీక్షలూ లివర్ ఎంత గట్టిపడిందో కిలోపాస్కల్స్‌లోనే చెబుతాయి గానీ అవి కొలిచేది ఒకటి కాదు. మీరు రాసిన ఎమ్మారై పరీక్ష, అంటే ఎమ్మారై ఎలాస్టోగ్రఫీ, ఇచ్చేది షియర్ మాడ్యులస్ (పక్కకు జరిపితే ఎంత ఎదురునిలుస్తుందో చెప్పే అంకె), ఫైబ్రోస్కాన్ ఇచ్చేది యంగ్స్ మాడ్యులస్ (నొక్కితే లేదా లాగితే ఎంత ఎదురునిలుస్తుందో చెప్పే అంకె), లెక్క ప్రకారం ఇది దానికి దాదాపు మూడు రెట్లుంటుంది. పోనీ మూడుతో గుణించేసుకుందామా అంటే అదీ సరిగ్గా కుదరదు, ఒకటి 60 హెర్ట్జ్‌తో, ఇంకోటి 50 హెర్ట్జ్‌తో లివర్‌ను కదిలిస్తాయి, కొలిచే తీరు కూడా వేరు. ఎమ్మారైలో 2.5 లోపు ఉంటే మామూలు, 5 పైన సిర్రోసిస్ స్థాయి. ఫైబ్రోస్కాన్‌లో అయితే 8 లోపు ఉన్నా ముదిరిన ఫైబ్రోసిస్ (మచ్చలు) ఉండే అవకాశం తక్కువనే డాక్టర్లు అంటారు.

ఇంకో మాట. కడుపు ఎమ్మారై తీయించుకుని, లివర్ బాగానే ఉందన్నారు కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. మామూలు ఎమ్మారైలో కనిపించేది చాలావరకు ముదిరాక వచ్చే మార్పులే, లివర్ అంచు గరుకుగా మారడం, స్ప్లీన్ పెరగడం లాంటివి. తొలిదశ మచ్చలు దానికి అందవు. ఎలాస్టోగ్రఫీకి అదనపు పరికరం ఉండాలి. కుడివైపు కింది పక్కటెముకల మీద అరచేతి వెడల్పు ప్లాస్టిక్ బిళ్ల పెట్టి బెల్టుతో కడతారు, గది బయటున్న పంపు నుంచి ఒక గొట్టం ద్వారా దానికి కంపనాలు వస్తాయి. గాలి వదిలేసి ఊపిరి బిగబట్టమంటారు, ఒక్కో విడత పదిహేను, ఇరవై సెకన్లు. నొప్పి ఉండదు, ఇంజెక్షన్ అక్కర్లేదు. బిగించిన తీగలో అల వేగంగా పరిగెత్తినట్టు గట్టిపడిన లివర్‌లో ఆ కంపనం వేగంగా పోతుంది, దాన్నిబట్టి గట్టిదనం లెక్కగడతారు. మేయో క్లినిక్‌లో రిచర్డ్ ఎహ్మన్ బృందం 1995లోనే ఈ పద్ధతిని ప్రచురించింది.

సూదితో తీసే బయాప్సీ ముక్క లివర్ మొత్తంలో సుమారు యాభై వేలవ వంతు, ఎమ్మారై అంతకంటే ఎంతో పెద్ద భాగాన్ని చూస్తుంది. ఆ లాభం గురించి మీరు బాగా రాశారు. అయితే లివర్‌లో ఐరన్ బాగా పేరుకున్నవాళ్లలో సిగ్నల్ పడిపోయి పరీక్ష ఫెయిల్ కావచ్చని, వాపున్నా, గుండె బలహీనతతో రక్తం నిలిచినా, ఆఖరికి అప్పుడే భోంచేసి వెళ్లినా అంకె పెరుగుతుందని ఒక్క వాక్యమైనా ఉండాల్సింది. కనీసం నాలుగు గంటలు ఏమీ తినకుండా రమ్మనేది ఇందుకే.

అన్నిటికంటే నాకు వెలితిగా అనిపించింది, అందరూ ఎమ్మారైకి పరిగెత్తాలన్నట్టు రాయడం. మొదట చూడాల్సింది మచ్చల అవకాశాన్ని అంచనా వేసే ఫిబ్-4 అనే లెక్క, దానికి మామూలు రక్తపరీక్ష రిపోర్టు చాలు. వయసును ఏఎస్‌టీతో గుణించి (ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనేవి రక్తంలో కొలిచే లివర్ ఎంజైములు), ప్లేట్‌లెట్లను (వేలల్లో) ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. యాభై ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు అనుకోండి, 2000ని 1200తో భాగిస్తే 1.67. ఇది 1.3 లోపు ఉంటే (65 దాటినవాళ్లకు 2 లోపు) సాధారణంగా అక్కడితో ఆగొచ్చు, 2.67 దాటితే స్పెషలిస్టును కలవాలి. మధ్యలో ఉన్నవాళ్లకు ఫైబ్రోస్కాన్, అదీ తేల్చకపోతేనో, ఒళ్లు బాగా లావుగా ఉండి కుదరకపోతేనో ఎమ్మారై.

అమెరికాలో 2024 మార్చిలో అనుమతి వచ్చిన రెస్మెటిరామ్ మందు (కొవ్వు వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్లకు ఇచ్చేది) ఎఫ్2, ఎఫ్3 దశల వాళ్లకే (మచ్చల తీవ్రతను ఎఫ్0 నుంచి ఎఫ్4 వరకు చెబుతారు, ఎఫ్4 అంటే సిర్రోసిస్), సిర్రోసిస్ వచ్చినవాళ్లకు కాదు. అంటే ఈ అంకెను బట్టే మందు ఇవ్వాలా వద్దా అన్నది కూడా నడుస్తుంది. కాబట్టి సవరణ వేసేటప్పుడు రెండు పరీక్షల అంకెలూ రెండు వేరు వేరు బాక్సుల్లో, పరీక్ష పేరుతో సహా వేయండి. అల్ట్రాసౌండ్ వాళ్లు రాసే గ్రేడ్ 1, గ్రేడ్ 2 కొవ్వు గురించే గానీ మచ్చల గురించి కాదని కూడా ఆ పక్కనే వేయగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు