ఎకో రిపోర్టులో 60 శాతం ఉంటే కంగారెందుకు?

సంపాదక మహాశయా,

గుండెకు ఎకో పరీక్ష చేయించుకున్నవారిలో చాలామంది, రిపోర్టులో ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి వెళ్లే వంతు) 60 శాతం అని చూడగానే మిగతా 40 శాతం గుండె పాడైపోయిందని బెంగపెట్టుకుంటున్నారు. ‘అరవై శాతమే పనిచేస్తోందట’ అని ఊళ్లో ఉన్న బంధువులకు కబురు కూడా వెళ్తుంది. నూటికి ఇన్ని అని వేసే పరీక్ష మార్కుల్లా ఆ అంకెను చదవడం వల్లనే ఈ కంగారంతా. ఒక్క స్పందనలో గుండె చేసే పనేమిటో తెలిస్తే ఈ భయం ఉండదు.

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో స్పందనకు 0.8 సెకను పడుతుంది. అందులో గుండె కింది గదులైన జఠరికలు సంకోచించేది సుమారు 0.3 సెకను మాత్రమే. మిగిలిన అర సెకను అవి సడలి, రక్తంతో నిండుతుంటాయి. ఊపిరితిత్తుల నుంచి ఎడమ పై గదికి, అంటే ఎడమ కర్ణికకు చేరిన రక్తంలో ఎక్కువ భాగం, ఆ రెండు గదుల మధ్య తెరిచి ఉన్న ద్విపత్ర కవాటం గుండా తనంతట తానే జఠరికలోకి దిగుతుంది. కర్ణిక చివర్లో సంకోచించి పంపేది మిగిలిన కొద్ది భాగమే. మన పాఠాల్లో సంకోచానికి ఇచ్చినంత చోటు ఈ నిండే దశకు ఇవ్వకపోవడం నాకు ఎప్పుడూ లోటుగానే తోచేది.

అలా నిండిన ఎడమ జఠరికలో దాదాపు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అది బిగుసుకోగానే ద్విపత్ర కవాటం మూసుకుంటుంది. స్టెతస్కోపులో వినిపించే ‘లబ్’ అప్పటిదే. క్షణకాలం దారులన్నీ మూసుకుని ఉండగా లోపలి పీడనం పెరిగి, గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళమైన బృహద్ధమనిలోని పీడనాన్ని మించినప్పుడు అక్కడి కవాటం తెరుచుకుని సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వెళ్తుంది. జఠరిక సడలగానే ఆ కవాటం మూసుకుని ‘డబ్’ అంటుంది. కుడి జఠరిక కూడా అదే సమయంలో దాదాపు అంతే రక్తాన్ని, చాలా తక్కువ పీడనంతో, ఊపిరితిత్తులకు పంపుతుంది.

120లో 70 అంటే 58 శాతం. ఈఎఫ్ అంటే ఇదే. మిగిలిన 50 మిల్లీలీటర్లు గుండె చేతకానితనం కాదు. మెట్లెక్కినప్పుడు, పరుగెత్తినప్పుడు గుండె మరింత గట్టిగా బిగుసుకుని అందులోంచి కూడా కొంత పంపుతుంది. ఆరోగ్యవంతుల్లో సైతం ఈ శాతం సాధారణంగా 55 నుంచి 70 మధ్యనే ఉంటుంది, వంద ఎవరికీ రాదు.

అయితే 60 ఉందన్న ధీమాతో ఆయాసాన్ని, కాళ్ల వాపును పట్టించుకోకపోవడమూ పొరపాటే. ఏళ్ల తరబడి బీపీ ఉన్నవారిలో జఠరిక గోడలు బిరుసెక్కి సరిగా సడలకపోవచ్చు. అప్పుడు నిండేదే సరిగా ఉండదు కనుక, పంపే శాతం బాగున్నా రోగికి ఆయాసం తగ్గదు. అలాంటివారు వైద్యుణ్ణి సంప్రదించాల్సిందే.

స్కానింగ్ కేంద్రాలవారు ఈఎఫ్ అంకె పక్కన సాధారణంగా ఉండవలసిన పరిమితిని తెలుగులో ఒక్క వాక్యంగా ముద్రించాలని, మీ ఆరోగ్య పేజీలో కూడా ఈ విషయాన్ని బొమ్మతో సహా వివరించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి