ర్యామ్ వేసిన రోజే అప్‌డేట్ చేస్తే తప్పెవరిది?

సంపాదకుల వారికి నమస్కారం.

తెనాలిలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ చేసుకుంటున్నదాన్ని. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు, ఇదే నా పని. మీ పత్రికలో కొత్త ఫోన్ల గురించి తరచూ రాస్తుంటారు. కొత్త కంప్యూటర్ కొని నేను పడ్డ తిప్పల గురించి కూడా కాస్త చోటిస్తారని ఈ ఉత్తరం.

నా పాత మిషన్‌లో విండోస్ 10 ఉండేది. దానికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేసింది. ఆ మిషన్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు కాబట్టి విండోస్ 11 ఎక్కదన్నారు. మూఢం రోజులు, ఎలాగూ గిరాకీ ఉండదు, కొత్తది అలవాటు చేసుకోవడానికి ఇదే అదను అనుకుని విజయవాడలో ఒక దుకాణంలో అసెంబుల్ చేయించాను. 8 జీబీ ర్యామ్‌తో ఇచ్చారు. ర్యామ్ అంటే పని నడుస్తున్నంతసేపూ మిషన్ వాడుకునే మెమరీ. విండోస్ 11కి 4 జీబీ ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ వాళ్లు చెబుతారు గానీ, వాళ్లెప్పుడూ తెనాలిలో పెళ్లి ఫ్లెక్సీ చేసి ఉండరు. 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఫ్లెక్సీకి అంగుళానికి 100 చుక్కలు పెట్టుకున్నా మొత్తం 4 కోట్ల 60 లక్షల చుక్కలు. ఒక్క లేయరుకే 180 ఎంబీ దాటుతుంది. అబ్బాయి, అమ్మాయి, వినాయకుడు, పూలదండలు, కింద వరసగా బంధువులు. నాలుగో మేనమామ ఫొటో పెట్టేసరికి ఫొటోషాప్ బిగుసుకుపోయేది. మేనమామని తీసేద్దామంటే పెళ్లి ఆగిపోతుంది.

అందుకని అదే దుకాణంలో ఇంకో 8 జీబీ వేయించాను. ధర విని గుండె గుభేల్‌మంది. ఏఐ డేటా సెంటర్లకే మెమరీ అంతా పోతోందట. మెమరీ తయారుచేసే మైక్రాన్ సంస్థయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారాన్నే వదిలేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. నా మిషన్‌లో ఉన్న రకం స్టాకు లేదని, చేతిలో ఉన్నదేదో తగిలించారు. "ఇది దానికన్నా స్పీడు ఆంటీ" అన్నాడు అక్కడి కుర్రాడు. పెండింగులో ఉన్న విండోస్ అప్‌డేట్లు కూడా అప్పుడే చేసి పెట్టాడు. అంత శ్రద్ధ చూపించినందుకు వంద రూపాయలు టీ ఖర్చులకిచ్చాను కూడా.

మూడో రోజు నుంచి మొదలైంది. పని మధ్యలో తెర మొత్తం నల్లబడి, మెమరీ మేనేజ్‌మెంట్ అని ఇంగ్లిష్‌లో ఒక ముక్క చూపించి రీస్టార్ట్ అయ్యేది. ఇదివరకు ఇది నీలం రంగులో, ఏడుపు మొహం బొమ్మతో వచ్చేది. ఆ బొమ్మ ఉన్నప్పుడే నయం, మనతో పాటు అదీ ఏడుస్తున్నట్టుండేది. రీస్టార్ట్‌నైనా భరించవచ్చు. రాత్రి సేవ్ చేసిన శుభలేఖ ఫైలు పొద్దున తెరుచుకోలేదు. పార్టీకి ఏం చెప్పాలి? రెండోసారి మొత్తం కొట్టాను.

దుకాణానికి ఫోన్ చేస్తే "ర్యామ్ కొత్తది మేడమ్, అప్‌డేట్ వల్లే" అన్నారు. నమ్మాను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మిషన్లు ఆగిపోవడం, హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో బోర్డింగ్ పాస్ రాసివ్వడం అప్పట్లో వార్తల్లో చూశాం కదా. సరే అని సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీకి వెళ్లి, చివరిగా వచ్చిన అప్‌డేట్ తీసేశాను. మళ్లీ రాకుండా ఐదు వారాలు ఆపుకోవచ్చు, అదీ చేశాను. తెర నల్లబడటం ఆగలేదు. మదర్‌బోర్డు కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేస్తే వాళ్లు ర్యామ్ మీదకి నెట్టి, ముందు బయాస్ (మిషన్ ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ చేయమన్నారు. చేశాను.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. ఆన్ చేయగానే 48 అంకెల రికవరీ కీ అడిగింది. నేను ఏ తాళమూ వేయలేదే! తర్వాత తెలిసింది: ఇప్పటి విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే డిస్క్‌కి దానంతటదే తాళం పడుతుంది. మంచిదే, దొంగ ఎత్తుకుపోయినా ఫైళ్లు చదవలేడు. కానీ బయాస్ మారితే ఒక్కోసారి మిషన్‌కి అనుమానమొచ్చి కీ అడుగుతుంది. ఆ కీ ఉండేది ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాలో. ఖాతా ఎవరిది? కంప్యూటర్ అమ్మిన రోజు నా ఫోన్ నంబర్ అడగడం ఎందుకనుకుని కుర్రాడు తన ఈమెయిల్‌తోనే తెరిచేశాడు. అతను ఆ దుకాణంలో పని మానేసి పది రోజులైంది. ఓనర్ని బతిమాలి నంబర్ తీసుకుని, అతను ఎక్కడో రైల్లో ఉండి వాట్సాప్‌లో కీ పంపేదాకా, ఇరవై రెండేళ్ల ఫైళ్లు గాల్లో ఉన్నట్టే. పాపం, ఫోన్ ఎత్తాడు. ఎత్తకపోతే?

ఇక లాభం లేదని హైదరాబాద్‌లో ఉన్న మా అక్క కొడుకుని పట్టుకున్నాను. "పిన్నీ, ఒకేరోజు రెండు మార్పులు చేస్తే తప్పు ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కటే చూడాలి" అన్నాడు. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ నడిపిస్తే లోపమేమీ లేదంది. అతను ఒప్పుకోలేదు. మెమ్‌టెస్ట్86 అని ఉచితంగా దొరుకుతుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపమన్నాడు. పొద్దున లేచేసరికి తెరంతా ఎర్ర గీతలు. తర్వాత ప్లగ్ తీసి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని, ఒక్కో ర్యామ్‌నే ఉంచి పరీక్షించాం. మావారు టార్చ్ పట్టుకున్నారు. పాతది ఒక్కటే ఉంటే ఒక్క తప్పూ లేదు. కొత్తది ఒక్కటే ఉన్నా లేదు. రెండూ కలిస్తేనే తగువు.

వీడియో కాల్‌లో బయాస్ చూపిస్తే గుట్టు బయటపడింది. పాత ర్యామ్ 3200 వేగానిది, కొత్తది 3600. కొత్తదాని వేగం రావాలని కుర్రాడు ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేశాడు. దాంతో రెండూ 3600లో పరుగెత్తాల్సి వచ్చింది. ముసలెద్దుని కోడెతో కలిపి కాడి కట్టినట్టు, బరువు తక్కువున్నప్పుడు నడిచింది, ఫ్లెక్సీ ఎక్కించగానే చతికిలబడింది. ఆ సెట్టింగ్ ఆఫ్ చేశాం. రెండూ 2666కి దిగాయి. ఆ రాత్రి టెస్టులో ఒక్క ఎర్ర గీత కూడా లేదు. తీసేసిన అప్‌డేట్ మళ్లీ వేసినా ఏమీ కాలేదు. వేగం తగ్గినందుకు నా పనిలో నాకేమీ తేడా కనిపించలేదు. మేనమామలు నలుగురూ, బాబాయిలూ కూడా పడుతున్నారు.

దుకాణం వాళ్లకి ఇదంతా చెబితే, "మీరు క్యాబినెట్ తెరిచారు కదా, సీల్ పోయింది, ఇక వారంటీ లేదు" అన్నారు. వాళ్లు పెట్టిన తప్పుడు సెట్టింగ్‌ని కనిపెట్టడానికే నేను తెరవాల్సి వచ్చిందండీ! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తానంటే కాస్త తగ్గి, వారంటీ కొనసాగుతుందని బిల్లు వెనక రాసిచ్చారు.

దుకాణాల వాళ్లని నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ర్యామ్ వేశాక మిషన్ని ఒక రాత్రి ఉంచుకుని టెస్ట్ చేసి ఇవ్వండి. ఒక రోజు ఆలస్యమైతే మేం ఏమీ అనుకోం. బిల్లు మీద "8 జీబీ ర్యామ్" అని ఊరుకోకుండా రకం, వేగం, పార్ట్ నంబర్ రాయండి. రెండు రకాలు కలుపుతుంటే ఆ మాట ముందే చెప్పండి. ఖాతా మాత్రం కొన్నవాళ్ల ఫోన్ నంబర్‌తో, వాళ్ల ఎదురుగానే తెరవండి. టీ ఖర్చులకి వంద కాదు, రెండొందలు ఇస్తాం.

నా మిషన్‌కి ఇప్పుడు నా సొంత ఖాతా ఉంది. కొత్త కీని నా ఫోన్‌లో దాచుకోకుండా, లెక్కల పుస్తకం చివరి పేజీలో మావారి చేతిరాతతో రాయించి పెట్టాను. మీ పాఠకుల్లో ఈమధ్య కంప్యూటర్ కొన్నవాళ్లుంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ (నేను చెప్పిన డిస్క్ తాళం ఇదే) ఆన్‌లో ఉందేమో, ఉంటే ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఇవాళే చూసుకోమనండి. మిషన్ పనిచేస్తుండగానే చూసుకోవాలి సుమా.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
తెనాలి