దారి తప్పిన పిల్లలకు బూట్ క్యాంపులు పరిష్కారం కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. గంజాయి కేసులోనో, బైక్ దొంగతనంలోనో, కాలేజీ గేటు దగ్గర కొట్లాటలోనో పదిహేను, పదహారేళ్ల పిల్లలు దొరికారన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒక సలహా వినపడుతోంది. ఇలాంటి వాళ్లను ఆరు నెలలు మిలిటరీ వాళ్ల చేతిలో పెడితే చచ్చినట్టు దారికొస్తారని, అమెరికాలో అలాగే చేస్తారని. టీవీ చర్చల్లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, చివరికి మీ పాఠకుల పేజీలో కూడా ఈ మాట చూశాను. స్కూళ్లు బయటికి పంపేసిన పిల్లల కోసం టెక్సాస్‌లో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) నడిపే బడిలో నేను కొన్నేళ్లు లెక్కలు చెప్పాను. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. అమెరికాలో అలా చేశారన్నది నిజమే. చేసిన తర్వాత ఏమైందో కూడా మనవాళ్లకు తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

బూట్ క్యాంపులనే ఈ మిలిటరీ తరహా శిక్షణ శిబిరాలు అక్కడ మొదట వయసొచ్చిన ఖైదీల కోసం వచ్చాయి. 1983లో జార్జియా, ఓక్లహామా రాష్ట్రాలు మొదలుపెట్టాయి. రెండేళ్లకు లూసియానాలో మైనర్లకూ పెట్టారు. 1990లు వచ్చేసరికి రాష్ట్రం తర్వాత రాష్ట్రం అదే దారి పట్టింది. తెల్లారకముందే లేపడం, గుండు కొట్టించడం, కవాతు, పుషప్‌లు, మొహంలో మొహం పెట్టి అరవడం, ప్రతి మాటకూ 'యెస్ సర్' అనిపించడం. ఏడాది నిర్బంధంలో ఉంచే బదులు మూడు నాలుగు నెలల్లో పని అయిపోతుంది కాబట్టి ఖర్చు తగ్గుతుందన్నారు. టీవీలో చూసిన జనానికి కూడా ప్రభుత్వం గట్టిగా ఉందనిపించింది. అందుకే రెండు పార్టీల నాయకులూ దీన్ని నెత్తికెత్తుకున్నారు.

అమెరికా న్యాయశాఖ ఊరికే నమ్మి కూర్చోలేదు. 1990ల మొదట్లో క్లీవ్‌లాండ్, డెన్వర్, మొబీల్ నగరాల్లో పరీక్షించి చూసింది. కోర్టుకు వచ్చిన అబ్బాయిల్లో కొందరిని లాటరీ తీసి క్యాంపుకు పంపారు. మిగతావాళ్లను ఎప్పటిలాగే నిర్బంధానికో, ప్రొబేషన్‌కో (ఇంటి దగ్గరే ఉంచి అధికారి నిఘా పెట్టడం) పంపారు. తర్వాత ఎవరు మళ్లీ కేసుల్లో ఇరుక్కున్నారో లెక్క తీశారు. మూడు చోట్లా క్యాంపు వల్ల నేరాలు తగ్గలేదు. క్లీవ్‌లాండ్‌లో అయితే క్యాంపుకు వెళ్లొచ్చిన వాళ్లే ఎక్కువ మంది మళ్లీ దొరికారు. ఆ తర్వాత నలభైకి పైగా అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులూ క్యాంపుకు పంపినా పంపకపోయినా మొత్తం మీద తేడా లేదనే తేల్చారు. ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. క్యాంపులో ఉన్నన్నాళ్లూ చాలామంది పిల్లలు చదువులో ముందుకే వెళ్లారు. బయటికి వచ్చాక వాళ్లను పట్టించుకోవాల్సిన దశలోనే కార్యక్రమం చేతులెత్తేసింది. అదే ఇల్లు, అదే వీధి, అవే స్నేహాలు, చేర్చుకోవడానికి ఇష్టపడని అదే స్కూలు.

పని చేయకపోవడం ఒక్కటే అయితే డబ్బు పోయిందనుకోవచ్చు. ప్రాణాలూ పోయాయి. ఫ్లోరిడాలో మార్టిన్ లీ ఆండర్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడు బామ్మ కారు తీసుకెళ్లిన కేసులో ప్రొబేషన్ మీద ఉన్నాడు. ఆ షరతులు తప్పాడని 2006 జనవరిలో పనామా సిటీలోని బూట్ క్యాంపుకు పంపారు. చేరిన మొదటి రోజే మైదానం చుట్టూ పరుగు పెట్టిస్తుంటే ఇక తనవల్ల కాదని ఆగిపోయాడు. నాటకాలాడుతున్నాడనుకున్న గార్డులు అరగంట సేపు చుట్టుముట్టి, కొట్టి, నోరు మూసి ముక్కు దగ్గర ఘాటు వాసనతో స్పృహ తెప్పించే అమ్మోనియా గొట్టాలు పెట్టారు. అక్కడే ఉన్న నర్సు చూస్తూ ఉండిపోయింది. మర్నాడు ఆ పిల్లవాడు చనిపోయాడు. ఇదంతా కెమెరాలో రికార్డయింది. మొదటి పోస్టుమార్టంలో రక్తంలోని సికిల్ సెల్ లక్షణం వల్ల పోయాడని రాశారు. జనం గొడవ చేశాక రెండోసారి చేస్తే ఊపిరాడక పోయాడని తేలింది. ఏడుగురు గార్డులనూ, నర్సునూ 2007లో జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. కానీ అప్పటికే ఫ్లోరిడా శాసనసభ ఆ పిల్లవాడి పేరుతోనే చట్టం చేసి రాష్ట్రంలోని ఇలాంటి క్యాంపులను ఎత్తేసింది.

అది ఎక్కడో ఒకచోట జరిగిన ఘోరం అనుకోవడానికి లేదు. అమెరికా పార్లమెంటుకు లెక్కలు చూసిపెట్టే సంస్థ 2007లో ఇలాంటి క్యాంపుల మీదా, ప్రైవేటు వసతి కేంద్రాల మీదా నివేదిక ఇచ్చింది. 2005 ఒక్క ఏడాదిలోనే 33 రాష్ట్రాల్లో 1,619 మంది సిబ్బంది పిల్లల్ని హింసించిన ఘటనల్లో ఉన్నారని అందులో రాసింది. పిల్లవాడు ఆయాసం వస్తోందంటే అబద్ధమని, నీళ్లు కావాలంటే సాకు అని అనుకోవడం సిబ్బందికి అలవాటుగా మారుతుంది. అలవాటైన చోట ఎంత మంచి మనిషైనా మెల్లగా అలాగే తయారవుతాడు. నా భయం అంతా దీని గురించే.

టెక్సాస్ సంగతికి వస్తాను. అక్కడ 1995లో చట్టం చేసి, లక్షా పాతిక వేలకు మించి జనాభా ఉన్న కౌంటీల్లో బహిష్కృత విద్యార్థుల కోసం మైనర్ల కేసులు చూసే జువెనైల్ విభాగం ఆధ్వర్యంలో బడి ఉండాలన్నారు. పిల్లల్ని వీధిలో వదిలేయకుండా బడిలో ఉంచాలన్న ఆలోచన మంచిదే, దాన్ని తప్పుపట్టను. ఏడాదికి 180 రోజులు, రోజుకు ఏడు గంటలు నడవాలి. ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్, స్వీయ క్రమశిక్షణ చెప్పాలి. అంతకు మించి హైస్కూలు పట్టాకు కావాల్సిన ఇతర కోర్సులు చెప్పాలన్న నియమం లేదు. కొన్ని కౌంటీలు ఈ బడులకు సైనిక పద్ధతి తగిలించాయి, కొన్ని కౌన్సెలింగ్ మీద దృష్టి పెట్టాయి, మరికొన్ని మామూలు బడిలాగే నడిపాయి.

నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామందికి వయసుకు తగ్గ లెక్కలు రావు. పదో తరగతి అబ్బాయికి భిన్నాలు కూడడం దగ్గరే ఆగిపోయి ఉండేది. అది బయటపడకుండా ఉండడానికే కొందరు క్లాసులో గొడవ చేసేవాళ్లు. వరుసలో నిలబెట్టి అరిస్తే ఆ పిల్లవాడు నిలబడతాడు, అరిస్తే నిలబడడం వాడికి ముందే వచ్చు. పక్కన కూర్చుని ఒక్కో మెట్టూ చెప్పించుకునే ఓపిక ఎవరూ చూపించలేదు. ఆ ఓపికకు టీచర్లు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి, ఏళ్లు పడుతుంది. కవాతుకు ఒక మైదానం, ఒక విజిల్ ఉంటే చాలు.

అసలు బహిష్కరణలే ఎలా జరుగుతున్నాయో చూడండి. టెక్సాస్‌లో దాదాపు పది లక్షల మంది పిల్లల రికార్డులను ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా వెంబడించిన అధ్యయనం 2011లో వచ్చింది. దాదాపు 60 శాతం మంది కనీసం ఒక్కసారైనా సస్పెండో, బహిష్కరణో అయ్యారు. అందులో చట్టం ప్రకారం తప్పనిసరిగా తీసేయాల్సిన తప్పులు 3 శాతమే. మిగతావన్నీ స్కూళ్లు తమ విచక్షణతో తీసుకున్న నిర్ణయాలు. నల్లజాతి పిల్లల మీదా, వైకల్యమున్న పిల్లల మీదా ఆ బరువు ఎక్కువగా పడింది. 2023లో స్కూల్లో వేప్ (ఈ-సిగరెట్) దొరికితే ప్రత్యామ్నాయ బడికి పంపి తీరాలని చట్టం చేశారు. ఆ బడులు నిండిపోతుంటే 2025లో మొదటిసారి దొరికినవాళ్ల విషయం సడలించక తప్పలేదు.

ఆ వేప్‌ల దెబ్బ డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లకూ తగిలింది. పిల్లవాడి పేరు బయటికొస్తే పరువేం కాను, కాలేజీ సీటు ఏం కాను, వీసాకు ఏమవుతుందో అన్న టెన్షన్‌లో తల్లిదండ్రులు ఎవరికీ చెప్పుకోరు. కొందరు ఇండియాలో హాస్టల్లో పడేద్దామనుకుంటారు. ఇంకొందరు స్ట్రిక్టుగా ఉండే చోటు ఎక్కడుందో వెతుకుతారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ అబ్బాయి ఎందుకు వేప్ తాగడం మొదలుపెట్టాడో అడిగే తీరిక మాత్రం ఆ కంగారులో ఎవరికీ ఉండదు.

సైన్యం వాళ్లు నడిపే కార్యక్రమం ఒకటి మెచ్చుకోదగ్గది ఉంది, అదీ చెప్పాలి. నేషనల్ గార్డ్ 1993 నుంచి నడుపుతున్న యూత్ ఛాలెంజ్. చదువు మానేసిన 16 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం. ఇరవై రెండు వారాలు శిబిరంలో ఉంచుతారు, ఆ తర్వాత ఏడాది పాటు సొంత ఊరి నుంచే ఒక పెద్దమనిషి వాళ్ల బాగోగులు చూస్తాడు. లాటరీ పద్ధతిలోనే పరీక్షిస్తే, మూడేళ్ల తర్వాత అందులో అవకాశం వచ్చినవాళ్లలో 72 శాతం మంది హైస్కూలు పట్టా గానీ దానికి సమానమైనది గానీ సంపాదించారు, అవకాశం రానివాళ్లలో 56 శాతం మంది. సంపాదన కూడా పెరిగింది. అయితే అక్కడికి ఎవరినీ బలవంతంగా పంపరు, పిల్లలు తామే ఒప్పుకుని చేరాలి. పెద్ద నేరాల్లో శిక్షపడిన వాళ్లను తీసుకోరు. ఇంత మంచి కార్యక్రమంలో కూడా మూడేళ్ల తర్వాత నేరాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి దీన్ని చూపించి కోర్టు పిల్లలకు కవాతే మందు అనడం కుదరదు.

మన దగ్గర కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లను చూపించేవాళ్లూ ఉన్నారు. అక్కడికి ప్రవేశ పరీక్ష రాసి, సీటు కోసం తపించి వెళ్తారు. మైనర్ల కేసులు విచారించే జువెనైల్ బోర్డు ముందు తలవంచుకుని నిలబడ్డ పిల్లవాడితో వాళ్లను పోల్చకూడదు.

పైగా మనకు చట్టాలు లేకపోలేదు. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి బహిష్కరించకూడదనీ, కొట్టకూడదనీ, మానసికంగా వేధించకూడదనీ 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం హోముల్లో సిబ్బంది పిల్లల్ని దండిస్తే అది నేరం. బోర్డు కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, బడికి గానీ వృత్తి శిక్షణకు గానీ వెళ్లమని ఆదేశించవచ్చు, మత్తు మాన్పించే కేంద్రంలో చేర్పించవచ్చు. పద్దెనిమిది నిండి హోము నుంచి బయటికి వచ్చినవాళ్లకు ఆర్థిక సాయం చేసే ఏర్పాటూ అందులోనే ఉంది. కొత్తగా బూట్లూ విజిళ్లూ కొనే ముందు వీటిలో ఎన్ని అమలవుతున్నాయో చూడాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను నేను అడిగేది ఇదీ. సైదాబాద్, విశాఖ వంటి చోట్ల కేసు విచారణ సాగుతుండగా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోముల్లో రోజూ పాఠం చెప్పే టీచర్లు ఎంతమంది? కౌన్సెలర్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి? కిందటి ఏడాది బయటికి వచ్చిన పిల్లల్లో ఎంతమంది మళ్లీ బడిలోనో, ఐటీఐలోనో చేరారు? ప్రొబేషన్ అధికారి ఒక్కొక్కరి కింద ఎంతమంది పిల్లలున్నారు? ఈ లెక్కలు జిల్లాలవారీగా బయటపెట్టాలి. మీ విలేకరులు కూడా సమాచార హక్కు కింద అడిగి మీ పత్రికలో వేయాలని కోరుతున్నాను. ఆ వివరాలు రాకముందే మిలిటరీ క్యాంపుకు ఒక్క రూపాయి కేటాయించినా మాలాంటి టీచర్లం వ్యతిరేకిస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
విజయవాడ