విదేశీ సెమిస్టర్: క్రెడిట్ల లెక్క బయల్దేరక ముందే తేల్చుకోవాలి

సంపాదకుల వారికి,

అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల బ్రోచర్లలో ఈమధ్య 'ఒక సెమిస్టర్ విదేశాల్లో' అన్న మాట కనిపిస్తోంది. తల్లిదండ్రులు వీసా గురించి, ఖర్చు గురించి అడుగుతున్నారు. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. అక్కడ పాసైన సబ్జెక్టు ఇక్కడి మెమోలో ఏ సబ్జెక్టు కింద, ఎన్ని క్రెడిట్లతో, ఏ గ్రేడుతో ఎక్కుతుంది? దీనికి జవాబు కాగితం మీద, ఎగ్జామ్ బ్రాంచి సంతకంతో, పిల్లలు విమానం ఎక్కక ముందే చేతిలో ఉండాలి. తిరిగొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ సెమిస్టర్ పేపర్లన్నీ మళ్లీ ఇక్కడ రాయాల్సిన పరిస్థితి వస్తుంది.

యూరప్ యూనివర్సిటీల్లో ఈసీటీఎస్ (యూరోపియన్ క్రెడిట్ బదిలీ పద్ధతి) అనే లెక్క నడుస్తుంది. ఏడాదికి 60, సెమిస్టర్‌కు 30. ఒక్కో ఈసీటీఎస్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. క్లాసు, సొంతంగా చదువుకోవడం, పరీక్ష అన్నీ అందులోనే. మన బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు, అంటే సగటున సెమిస్టర్‌కు 20. మన క్రెడిట్‌ను వారానికి ఎన్ని గంటల పాఠం అన్నదాన్ని బట్టి లెక్కకడతారు కాబట్టి క్లాసు గంటలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎప్పటికీ పొసగదు. సెమిస్టర్‌ను సెమిస్టర్‌తో పోల్చాలి. అప్పుడు ఒకటిన్నర ఈసీటీఎస్‌కు మన క్రెడిట్ ఒకటి వస్తుంది. మన 3 క్రెడిట్ల సబ్జెక్టుకు అక్కడి 5 ఈసీటీఎస్ కోర్సు చాలు, 6 ఉంటే 4 క్రెడిట్లు అడగొచ్చు. 3 ఈసీటీఎస్ చిన్న కోర్సును తెచ్చి 3 క్రెడిట్ల సబ్జెక్టుకు ఎదురుగా రాస్తే ఎగ్జామ్ బ్రాంచి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

అసలు చిక్కు ల్యాబులతో. మన దగ్గర ల్యాబుకు విడిగా 1.5 క్రెడిట్లుంటాయి, మెమోలో విడి పేరుంటుంది. అక్కడ చాలాచోట్ల ల్యాబు కోర్సులోనే కలిసి ఉంటుంది. ట్రాన్‌స్క్రిప్టులో, అంటే అక్కడి యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రంలో, దాని పేరు కనిపించదు గనక ఇక్కడ అది రాయని పేపరుగా మిగిలిపోతుంది. దీనికి దారి ఉంది. స్వీడన్‌లో చాలా కోర్సులు 7.5 ఈసీటీఎస్‌వి. అలాంటి కోర్సు ఒకదాన్ని మన థియరీకి, ల్యాబుకు కలిపి 4.5 క్రెడిట్లకు ఎదురుగా ముందే రాయించుకోవచ్చు. కోర్సు వివరాల పత్రంలో ల్యాబు గంటలు ఎన్నో స్పష్టంగా ఉండాలి. ఆ పత్రాన్ని పీడీఎఫ్‌గా దాచుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఆ లింకు పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

సంతకం ఎవరిదన్నదీ ముఖ్యమే. సొంతంగా సిలబస్, పరీక్షలు నడుపుకునే అటానమస్ కాలేజీలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ కమిటీ), అకడమిక్ కౌన్సిల్ ఆమోదం ఉంటే పని జరుగుతుంది. అనుబంధ కాలేజీలో ప్రిన్సిపాల్ సంతకం ఒక్కటే చాలదు, డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఒప్పుకోవాలి. అక్కడ చదివే కోర్సులు, వాటికి ఇక్కడ దక్కే క్రెడిట్లు రాసుకునే లెర్నింగ్ అగ్రిమెంట్ మీద విద్యార్థితో పాటు ఇక్కడి కాలేజీ, అక్కడి యూనివర్సిటీ సంతకాలు చేస్తాయి. అక్కడికి వెళ్లాక ఒకటి రెండు కోర్సులు మారడం మామూలే. టైంటేబుల్ కలవదు, సీట్లు నిండిపోతాయి, ఇంగ్లిష్‌లో చెబుతారనుకున్నది జర్మన్‌లో చెబుతారు. మారిన ప్రతి కోర్సుకూ అగ్రిమెంట్‌లో మార్పు రాయించి మళ్లీ సంతకాలు తెప్పించుకోవాలి. ఈ పని మొదటి కొన్ని వారాల్లోనే అయిపోవాలి.

గ్రేడుల దగ్గర ఇంకో ప్రమాదం. జర్మనీలో 1.0 అన్నిటికంటే మంచి గ్రేడు, 4.0 కనీస పాసు, 5.0 ఫెయిల్. ఈ సంగతి తెలియని గుమాస్తా చేతికి 1.3 ఉన్న ట్రాన్‌స్క్రిప్టు వెళితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మన గ్రేడును జర్మన్ గ్రేడుగా మార్చడానికి వాళ్లు వాడే సవరించిన బవేరియన్ సూత్రాన్ని తిరగేస్తే సరి. మన దగ్గర గరిష్ఠం 10, కనీస పాసు 5 అనుకుంటే 1.3కు 9.5, 2.3కు సుమారు 7.8 వస్తాయి. ఫ్రాన్స్‌లో మార్కులు 20కి. 10 పాసు, 16 దాటితే అత్యుత్తమం. అక్కడి 14ను నేరుగా 70 శాతం చేస్తే విద్యార్థికి అన్యాయమే. ఏ పద్ధతిలో మారుస్తారో కూడా ఆ ముందస్తు కాగితంలోనే ఉండాలి.

క్యాలెండర్ చూడకుండా దేశాన్ని ఎంచుకోవద్దు. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు నుంచి మార్చి దాకా. పాఠాలు ఫిబ్రవరిలో ముగిసి ఆపైన పరీక్షలు నడుస్తాయి. ఇక్కడి రెండో సెమిస్టర్ అప్పటికి సగానికొస్తుంది, 75 శాతం హాజరు గల్లంతవుతుంది. అమెరికాలో ఆగస్టు చివర మొదలై డిసెంబరు మధ్యకు ముగిసే సెమిస్టర్ మనకు బాగా కలుస్తుంది. స్వీడన్‌ది జనవరి మధ్య దాకా సాగినా ఫరవాలేదు. సప్లీలు మిగిలినవాళ్లు మాత్రం ఆ పరీక్షలు తాము అక్కడ ఉన్నప్పుడే పడతాయని గుర్తుంచుకోవాలి.

పేర్ల గొడవ మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా. విదేశీ ట్రాన్‌స్క్రిప్టు పాస్‌పోర్టు పేరుతో వస్తుంది, ఇక్కడి హాల్‌టికెట్ పాత పేరుతో ఉంటుంది. రెండు పేర్లూ, హాల్‌టికెట్ నంబరూ, పాస్‌పోర్టు నంబరూ కలిపి కాలేజీ లెటర్‌హెడ్ మీద ధ్రువపత్రం వెళ్లేముందే తీసుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే రెండు గడులూ నింపాలి.

అనంతపురానికి బెంగళూరు దగ్గరని అక్కడ వీసా స్లాట్ తీసుకోవడం ఇంకో పొరపాటు. జర్మనీ లాంటి కొన్ని దేశాలు చిరునామా ఉన్న రాష్ట్రాన్ని బట్టి కాన్సులేటును నిర్ణయిస్తాయి. జర్మనీ వీసాకైతే బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చుల డబ్బు ముందే వేసి నెలనెలా కొంతే తీసుకునే ఖాతా) చూపాలి. 2024 సెప్టెంబరులో పెట్టిన లెక్క నెలకు 992 యూరోలు, ఆరు నెలలకు 5,952. స్కాలర్‌షిప్ పత్రం ఉంటే ఆ మేరకు తగ్గుతుంది.

చేరాక చేయాల్సినవాటిలో పిల్లలు ఎక్కువగా తప్పేది పరీక్ష రిజిస్ట్రేషన్. జర్మనీలో కోర్సుకు పేరిస్తే సరిపోదు, పరీక్షకు పోర్టల్‌లో విడిగా పేరివ్వాలి. గడువు దాటితే సెమిస్టరంతా క్లాసులో కూర్చున్నా పరీక్ష లేదు. ఇంటర్నల్ మార్కులు కాపాడతాయన్న ఆశ వద్దు, చాలా కోర్సుల్లో చివరి పరీక్షే నూటికి నూరు. విమానం తేదీ కూడా చూసుకోండి. అక్కడ అక్టోబరు 3 జాతీయ సెలవు, ఆదివారాలు కొట్లు మూసేస్తారు. ఆ ముందురోజు రాత్రి దిగితే హాస్టల్ తాళం ఇచ్చేవాళ్లే దొరకరు. ఇక సామానంటారా, ఆవకాయ, చెనక్కాయల పొడి నిశ్చింతగా పెట్టండి. నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి మాత్రం యూరప్ కస్టమ్స్ దాటవు. పాల, మాంసపు పదార్థాలను వాళ్లు రానివ్వరు.

మన యూనివర్సిటీలకు ఒక విన్నపం. ఒక బ్యాచ్‌కు ఆమోదించిన కోర్సుల సమానత్వాన్ని రిజిస్టరులో ఎక్కించి, రెగ్యులేషన్ (ఆ బ్యాచ్‌కు వర్తించే సిలబస్, నిబంధనలు) వారీగా వెబ్‌సైటులో పెట్టండి. రెగ్యులేషన్ మారేదాకా అదే పట్టిక తర్వాతి బ్యాచ్‌లకూ వర్తిస్తుందని ఒక సర్క్యులర్ ఇస్తే, ప్రతి విద్యార్థీ ఫైలు పట్టుకుని బ్రాంచి బ్రాంచికీ తిరిగే పని తప్పుతుంది.

— ఇంజినీరింగ్ అధ్యాపకులు, అనంతపురం