వాన వచ్చేట్టుందా, వచ్చినట్టుందా, వచ్చిందటా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న కొరియన్ పాఠాలను వారం వారం ఫోన్లో చదువుతున్నాను. మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లుగా సువొన్‌లో ఉంటున్నాం. సియోల్‌కి దక్షిణాన, కోటగోడ చుట్టూ ఉన్న ఊరు ఇది. ప్రభుత్వం విదేశీయులకు నడిపే ఉచిత భాషా తరగతులకి వెళ్తూ, తప్పులు మాట్లాడుతూ, మళ్లీ దిద్దుకుంటూ ఇక్కడి మాట నేర్చుకున్నాను. అందుకే కిందటి వారం పాఠం చూసి ఊరుకోలేకపోయాను.

పాఠం పేరు ‘ఊహను తెలిపే వాక్యాలు’. కొరియన్‌లో ఐదు రూపాలిచ్చారు, బాగుంది. కానీ ఐదింటికీ ఒకటే తెలుగు వేశారు: “బహుశా వాన వస్తుందని నేను అనుకుంటున్నాను.” ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడతారా అండీ? మబ్బు కమ్మితే “వాన వచ్చేట్టుంది, బట్టలు తియ్యి” అంటాం. పొద్దున్నే తడి నేల చూసి “రాత్రి వాన పడ్డట్టుంది” అంటాం. ఏ సంగతిని దేన్ని బట్టి ఊహించామో క్రియ చివరే చెప్పేస్తాం. కొరియన్లూ అదే చేస్తారు. మధ్యలో ‘ఐ థింక్’ ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇంగ్లిష్ పుస్తకంలోంచి దిగినట్టుంది. (చూశారా, నేనూ ఊహించాను, ‘ఐ థింక్’ లేకుండానే.)

కొరియన్‌లో వాన మనకిలాగే ‘వస్తుంది’. వాన ‘పి’, వచ్చు ‘ఓదా’. మబ్బు చూస్తే “పిగా ఓల్ కొత్ కతాయో” అంటారు. రోడ్డు తడిసి ఉంటే “ఒన్ గొత్ కతాయో”. బయట చప్పుడు వినిపిస్తుంటే “ఒనున్ గొత్ కతాయో”. ఓల్, ఒన్, ఒనున్ అంటే వచ్చే, వచ్చిన, వస్తున్న. ‘గొత్’ మన ‘వచ్చినది’లో చివరి ‘ది’ లాంటిది. ‘కతా’ అంటే ఒకేలా ఉండడం. ముక్కకి ముక్క పేర్చుకుంటూ పోతే వచ్చేట్టుంది, వచ్చినట్టుంది, వస్తున్నట్టుంది అని అదే వరసలో తేలతాయి. ఇంగ్లిష్ వాడికి ఇది నెల రోజుల పని. మనకి ఒక పూట చాలు, అదీ తెలుగులో చెప్తే. “ఓల్చిడో మొల్లాయో” ఇంకా తేలిక. ‘మొల్లా’ అంటే తెలీదు. “వస్తుందో ఏమో తెలీదు.” దీనికి ‘బహుశా’ ఎక్కడ అతికిస్తాం?

ఇదంతా రెండు భాషల చుట్టరికం వల్లనే అని నేను అనడం లేదు. మన అమ్మ, వాళ్ల ఒమ్మా ఒకటేనని వీడియోలు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. వందేళ్లకు పైగా కిందటే హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ కొరియన్‌ని ద్రావిడ భాషలతో పోల్చి వ్యాకరణం రాశారు. భాషా శాస్త్రజ్ఞులు ఆ బంధుత్వాన్ని ఒప్పుకోలేదు. ఆ గొడవ నాకొద్దు. రెండు భాషల్లోనూ క్రియ చివర వస్తుంది, తోకలు దానికే తగులుకుంటాయి. నేర్చుకునేవాళ్లకి ఆ సదుపాయం చాలు.

నేను నిజంగా తడబడింది ‘నా బోదా’ అనే తోక దగ్గర. మీ పాఠంలో ఇది మూడో రూపం. ‘బోదా’ విడిగా అయితే చూడు అని అర్థం, మాటల్లో ‘బ్వాయో’ అవుతుంది. భూగర్భ రైలు దిగి మెట్ల దగ్గరికి రాగానే ఎదురొచ్చేవాళ్లు తడి గొడుగులు దులుపుతుంటారు. పైన ఆకాశం ఇంకా కనపడదు. అప్పుడు “పిగా ఒనా బ్వాయో” అనాలి. తెలుగులో చక్కటి మాట ఉంది: “చూడబోతే వాన వస్తున్నట్టుంది.” లేదా “వస్తోంది కాబోలు.” (కాబోలు ఈమధ్య మాటల్లో తగ్గింది, పాపం, కథల్లో తలదాచుకుంటోంది.) వానలో నిలబడి తడుస్తూ మాత్రం “ఒనా బ్వాయో” అనకూడదు. కళ్లారా చూసిందీ, స్వయంగా అనుభవించిందీ దీంట్లో చెప్పరు. మీ పాఠంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు.

నాకు ఇది మా కింది వాటాలో ఉండే బామ్మగారి వల్ల తెలిసింది. ఇక్కడ వాన పడితే ఉల్లికాడల అట్టు, ‘పజొన్’ వేసుకుంటారు. జూన్ ఆఖర్లో వర్షాలు మొదలైన రోజు ఆవిడ ఒక ప్లేటు పట్టుకొచ్చారు. గుమ్మంలోనే ముక్క తుంచి నోట్లో వేసుకుని, తరగతిలో కొత్తగా నేర్చుకున్నది వాడదామని “మాషిన్నా బ్వాయో!” అన్నాను. నా పుస్తకంలో దాని అర్థం ‘రుచిగా ఉన్నట్టు అనిపిస్తోంది’. బామ్మగారు నా ముఖం కేసి, చేతిలో మిగిలిన ముక్క కేసి మార్చి మార్చి చూసి, “తింటున్నావుగా?” అన్నారు. నేనన్నది “రుచిగా ఉంది కాబోలు” అని! నోట్లో పెట్టుకున్నాక అలా అంటే మన బామ్మలు మాత్రం ఊరుకుంటారా? హోటల్ ముందు బారులు తీరిన జనాన్ని చూసి అనాల్సిన మాట అది. ప్లేటు ముందుకు రాగానే, తినకముందు, “మాషిత్కెత్తా!” అనాలట. భలే ఉండేట్టుందే అని.

మరో రోజు తరగతిలో “నాకు ఆకలేస్తోంది కాబోలు” అన్నాను కొరియన్‌లో. వియత్నాం అమ్మాయిలు పడీపడీ నవ్వారు. ఆకలి ఎవరిదమ్మా అని టీచరమ్మ అడిగారు. అలాగని మన గురించి అస్సలు వాడకూడదని కాదు. బస్సులో ఉలిక్కిపడి లేచి “నేను కునుకు తీసినట్టున్నానే” అనుకుంటాం కదా, అక్కడ కొరియన్లూ ‘నా బ్వా’ అనే అంటారు. మనకి తెలియకుండా మనకి జరిగింది కాబట్టి.

ఇక ‘గెత్’ అనే తోక. (పక్కనున్న అక్షరాన్ని బట్టి గెస్, కెత్, కెన్ అని కూడా వినిపిస్తుంది.) మీ పాఠంలో దీన్ని భవిష్యత్ కాలం అని ఒక్క మాటలో తేల్చేశారు. నేనూ మొదట అలాగే నేర్చుకున్నాను. టీవీలో వాతావరణ వార్తలు “నెయిరున్ పిగా ఓగెస్సుమ్నిదా” అంటాయి, రేపు వాన వస్తుంది అని. సరే, గెత్ అంటే జరగబోయేది అని రాసిపెట్టుకున్నాను.

ఆ చలికాలం మా పాపకి జ్వరం నూట మూడు దాటింది. రాత్రి పదకొండింటికి ఆస్పత్రికి పరిగెత్తాం. తెల్లారి ఆరింటికి పాపని భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి బామ్మగారు మెట్ల దగ్గర మంచు ఊడుస్తున్నారు. చీపురు ఆపి, నా చెయ్యి పట్టుకుని, “ఐగో, ఎగి ఒమ్మా, హిమ్దురొత్కెన్నే” అన్నారు. ‘ఎగి ఒమ్మా’ అంటే పాప వాళ్లమ్మా అని పిలుపు. ‘హిమ్దుల్’ అంటే కష్టం, అది తెలుసు. వెనక గెత్ వినిపించింది. ఇక ముందు కష్టపడతావు అంటున్నారని నా ప్రాణం గుటుక్కుమంది. పెద్దావిడ, నలుగురిని పెంచిన మనిషి, పాప ముఖం చూసి ఏం కనిపెట్టారో అని ఒకటే టెన్షన్. పాప హాయిగా నిద్రపోతోంది, నేను మాత్రం రెండు రోజులు గంటకోసారి ఒళ్లు తాకి చూస్తూ కూర్చున్నాను.

సోమవారం టీచరమ్మని అడిగితే ఆవిడ బోర్డు మీద రాసి ఒక చిన్న ముక్క చుట్టూ గీత గీశారు. గెత్‌కి ముందు ‘ఒత్’ ఉంది, అది జరిగిపోయినదానికి గుర్తు. నేను ఆ ముక్కని వినలేదు. జరిగిపోయినదానికి గెత్ చేరితే నువ్వు పడ్డది నేను చూడకపోయినా ఊహించగలను అని. బామ్మగారు అన్నది “పాపం, రాత్రంతా ఎంత అవస్థ పడ్డావో!” అని. ఆ ‘పడ్డావో’లోని ఓకారం చాలు సార్, మీ పాఠకులకి ఈ రూపం జన్మలో మర్చిపోకుండా ఎక్కుతుంది. ఆ సాయంత్రం ఆవిడ దగ్గరికి వెళ్లి నా భయం చెప్తే ముందు నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకున్నారు.

గెత్‌కి తెలుగులో ఒక్క మాట సరిపోదు, నిజమే. “అల్గెస్సుమ్నిదా” అని ఆఫీసుల్లో రోజూ వందసార్లు అంటారు. అది ఊహా కాదు, భవిష్యత్తూ కాదు, “అలాగేనండి” అని ఒప్పుకోవడం. ఇలాంటివి విడిగా చెప్పాలి. కొరియన్ ఎంత వచ్చో చూసే ‘టోపిక్’ పరీక్ష రాసేవాళ్లకైతే ఇది మార్కుల వ్యవహారం కూడా. మూడో స్థాయి నుంచి ఉండే టోపిక్-2లో చదివే భాగానికి 50 ప్రశ్నలు. అందులో మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న గీత గీసిన మాటకి దగ్గరి అర్థం పట్టుకోమనేవే. ఐదింటికీ ‘బహుశా’ అని బట్టీ పట్టినవాళ్లు అక్కడ దిక్కులు చూస్తారు.

కొరియన్లలోనూ దీని మీద తగువుంది. గెలిచి వచ్చిన ఆటగాణ్ని ఎలా ఉందని అడిగితే “బాగున్నట్టుంది” అంటాడు, ‘కతాయో’ తగిలించి. నీ సంతోషం నీకు తెలీదా అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. మా టీచరమ్మకీ అది నచ్చదు. నాకు మాత్రం తప్పనిపించదు, గట్టిగా చెప్పలేక ఒక అడుగు వెనక్కి వేసి మాట్లాడడం మనకీ అలవాటే.

నా విన్నపం ఇంతే. పాఠం రాసేవారు ఎవరో గానీ శ్రద్ధ ఉన్నవారే, ఉచ్చారణలు చాలా సరిగ్గా ఇస్తున్నారు. ఆ కొరియన్ వాక్యం పక్కన మన ఇంట్లో వినిపించే తెలుగు వాక్యం పెట్టమనండి. ఎవరు, ఏం చూసి, ఎక్కడ నిలబడి అంటున్నారో ఒక ముక్క రాయమనండి. వచ్చే వారం ‘పరోక్ష కథనం’ అని ప్రకటించారు. “పిగా వాత్తేయో” దగ్గర “వాన వచ్చినట్లుగా చెప్పబడుచున్నది” అని వేస్తారేమోనని ఇప్పట్నుంచే భయంగా ఉంది. “వాన వచ్చిందట” అని వేయండి. మర్యాద కావాలంటే “వచ్చిందటండీ”.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సువొన్, దక్షిణ కొరియా