చార్టులు ఒకదాని కింద ఒకటి వేస్తే నెలలు కలవాలి కదా సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ జిల్లా పేజీలో వానలు, బోర్ల మీద వచ్చిన కథనం బాగుంది, రాసినాయన ఊళ్లు తిరిగే రాసినట్టుండాడు. కానీ పక్కన ఒకదాని కింద ఒకటి మూడు చార్టులు వేశారే, ఈ ఉత్తరం వాటి గురించే. పైన వాన, మధ్యలో భూగర్భ జలమట్టం, కింద చెరువుల్లో నిల్వ, మూడూ జూన్ నుంచి మే దాకా. పై చార్ట్‌లో నవంబర్ దగ్గర స్కేలు పెట్టి నిలువుగా గీత గీయండి, మధ్య చార్ట్‌లో అది పోయి జనవరి మీద పడుతుంది, కింద దాంట్లో అక్టోబర్ మీద. మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే, వాన పడినాక ఎన్నాళ్లకి బోర్లలో నీళ్లు పైకొస్తాయనేదే రైతు చూసేది, మీ బొమ్మ చూస్తే వాన పడకముందే నీళ్లు పైకొచ్చినట్టుంది!

ఆ బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్, తెల్ల గళ్లు చూస్తేనే ఆర్ అనే డేటా లెక్కల ప్రోగ్రామింగ్ భాషలో, జీజీప్లాట్2 అనే చార్టులు గీసే ప్యాకేజీతో చేశారని తెలిసిపోతుంది. మూడింటినీ గ్రిడ్ ఎక్స్‌ట్రా ప్యాకేజీలో ఉండే గ్రిడ్ డాట్ అరేంజ్ అనే కమాండ్‌తో పేర్చి ఉంటారు. అది మామూలుగా ఒక్కో చార్ట్‌కి మొత్తం స్థలం సమానంగా ఇస్తుందే గానీ లోపల గీతలుండే ప్యానెల్‌ని పట్టించుకోదు. మధ్య దానికి కుడిపక్క లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే పెట్టె) పెట్టారు, కింద దానికి ఎడమపక్క పొడుగు పొడుగు అంకెలు, ఇంక ప్యానెల్ ఒకటి అటు, ఒకటి ఇటు నలిగిపోయింది. వీధిలో ప్లాట్లన్నీ ఒకే కొలతైనా ఒకాయన అరుగు పెద్దగా కట్టుకుంటే లోపల గది చిన్నదైనట్టు.

దీనికి ప్యాచ్‌వర్క్ అనే ప్యాకేజీ ఉంది, ఉచితమే. చార్టుల పేర్ల మధ్య ఒక స్లాష్ పెడితే చాలు, కింద కింద పేర్చి ప్యానెల్ అంచులు అదే కలుపుతుంది, లెజెండ్ ఉన్నా సరే. కౌప్లాట్ అనే ఇంకో ప్యాకేజీలో ప్లాట్ గ్రిడ్ అనే కమాండ్‌తో కూడా అవుతుంది, కాకపోతే అక్కడ అలైన్ అనే చోట వి, యాక్సిస్ అనే చోట ఎల్ఆర్ అని రెండూ చెప్పుకోవడం మంచిది. జీజీప్లాట్2లోనే ఒక చార్ట్‌ని గళ్లుగా విడగొట్టే ఫాసెట్ ర్యాప్ వాడొచ్చు కదా అంటారేమో, వాడొచ్చు, కానీ వానకి స్తంభాలు, జలమట్టానికి గీత కావాలి, పైగా జలమట్టం నేల నుంచి ఎన్ని మీటర్ల లోతు అనే లెక్క కాబట్టి ఆ ఒక్క చార్ట్‌కే వై యాక్సిస్ (నిలువు కొలత) తిరగేయాలి (మీరు తిరగేశారు, దానికి మెచ్చుకోవాలి), ఫాసెట్‌లో అది తలనొప్పి.

అయితే అంచులు కలిసినంత మాత్రాన నెలలు కలిసినట్టు కాదు. ఒక డేటా జూన్ నుంచి, ఇంకోటి ఆగస్టు నుంచి మొదలైతే ప్యాచ్‌వర్క్ దానంతటదే సరిచేయదు. అన్నింటికీ తేదీల లిమిట్స్ (మొదలు, చివర) ఒకటే ఇవ్వాలి, స్లాష్‌లతో కలిపిన మొత్తానికి బ్రాకెట్ వేసి చివర ఆంపర్‌సాండ్ (&) పెట్టి ఒక్కసారి రాస్తే మూడింటికీ పోతుంది.

ఇంకో మాట. తిరుపతి, చిత్తూరు జిల్లాల వానని పక్కపక్కన వేశారు, అక్కడ మాత్రం వై స్కేలు ఒకటే ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతిలోకి వచ్చింది, సముద్రం పక్క వాన వేరు, చిత్తూరు జిల్లాలో పలమనేరు పక్క వాన వేరు, దేని స్కేలు దానికి వదిలేస్తే రెండు చోట్లా ఒకటే వాన అన్నట్టు కనపడుతుంది. 2022కి ముందు అంకెలు పాత ఉమ్మడి జిల్లావా, మండలాల వారీగా మళ్లీ కూడినవా అనేది కూడా చార్ట్ కింద చిన్న అక్షరాల్లో అయినా వేయండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు, తిరుపతి