రేపల్లె దగ్గరే ఆగిపోయిన పట్టాలు

సంపాదకులు గారికి,

నమస్కారం. గతవారం మీ జిల్లా పేజీలో మన ప్రాంతపు రైలు మార్గాల చరిత్రపై వచ్చిన కథనం చదివాను. 1893 నాటి కృష్ణ వంతెన గురించీ, నిజాం రైల్వే గురించీ అంత వివరంగా రాసిన మీ విలేకరి తెనాలి–రేపల్లె శాఖను ఒక్క వాక్యంతో సరిపెట్టి, రేపల్లె–బందరు (మచిలీపట్నం) మధ్య మేం కోరుతున్న కొత్త లైను ఊసే ఎత్తకపోవడం వల్ల ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

బందరుకు 1908లో, రేపల్లెకు 1916లో రైలు వచ్చింది. కృష్ణకు చెరో వైపున సముద్రం దిక్కుగా సాగిన ఆ రెండు శాఖలూ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. నడుమ దివిసీమ మిగిలిపోయింది. 1977 ఉప్పెనలో సర్వస్వం పోగొట్టుకున్న ఆ సీమ ఈనాటికీ రైలు ముఖం చూడలేదు. పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద బస్సులూ లారీలూ నిరాటంకంగా నది దాటుతుండగా, రేపల్లెలో రైలెక్కిన మనిషి మాత్రం బందరు చేరడానికి తెనాలి, విజయవాడ, గుడివాడల మీదుగా 140 కిలోమీటర్లకు పైగా ప్రదక్షిణ చేయవలసిందే!

ఇదేదో రెండు ఊళ్ల ముచ్చట అనుకుంటే పొరపాటు. ఈ లైను పడితే చెన్నై వైపు నుంచి వచ్చే బండ్లు కొన్నయినా తెనాలి నుంచి రేపల్లె, బందరు, గుడివాడ, భీమవరం మీదుగా విశాఖ ప్రధాన మార్గంలోని నిడదవోలుకు విజయవాడ తాకకుండా నేరుగా పోవచ్చు. ప్లాట్‌ఫాం ఖాళీ లేక విజయవాడ ఔటర్‌లో పడిగాపులు పడటం ఎవరికి తెలియదు? విజయవాడ–గూడూరు మధ్య మూడో లైను వేస్తున్నామంటున్నారు, సంతోషమే. అదీ చివరకు చేరేది ఆ విజయవాడకే కదా. పైగా బందరు పోర్టు పనులు సాగుతున్న ఈ సమయంలో కూడా గుంటూరు వైపు సరుకు చుట్టుదారినే పోవాలా?

మన అధికారులకు సర్వే అంటే మహా ప్రీతి. ఎన్నికల ముందు ఒకటి, బడ్జెట్ ముందు ఒకటి. నివేదిక ఏ బీరువాలోకి పోతుందో అడిగితే “లాభదాయకం కాదు” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఎర్రుపాలెం–నంబూరు మధ్య అమరావతి మీదుగా 57 కిలోమీటర్ల లైనుకు, కృష్ణపై 3.2 కిలోమీటర్ల వంతెనతో సహా, 2,245 కోట్ల రూపాయలతో 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. రాజధానికి రైలు రావలసిందే, అందులో రెండో మాట లేదు. అక్కడ అడ్డురాని కృష్ణ పులిగడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అడ్డొస్తోందో మాత్రం చెప్పేవారు లేరు. 2019లో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించినప్పుడు ఇక మన పనులు మన ఇంట్లోనే తేలుతాయని సంబరపడ్డాం. ఆ జోన్ ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉండిపోయిన కథ అందరికీ తెలిసిందే.

ఇంతవరకు జరిగిన సర్వేల నివేదికలను రైల్వే శాఖ బయటపెట్టాలి. లాభం లేదన్న లెక్కలో పోర్టు సరుకునూ, విజయవాడపై తగ్గే ఒత్తిడినీ కలిపారో లేదో మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. మీ విలేకరి కూడా ఈసారి పాత వంతెనల ఫొటోలతో పాటు ఈ ప్రశ్నను డివిజన్ కార్యాలయానికి పట్టుకెళితే బాగుంటుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు